ఒక్క వేలు, నాలుగు మిషన్లు

ఇందులో రాసేదంతా నిజం. ఊరికే అనడం లేదు. మండీలో నేను కూర్చునే గదిలో ప్రభుత్వ ముద్ర పడిన ఇరవై కేజీల తూకం రాయి ఒకటి ఉంది. ఎడమ చెయ్యి దాని మీద ఆనించి, కుడి చేత్తో ఈ మాటలు రాస్తున్నాను. ఒక్క ముక్క అబద్ధమైనా ఆ రాయి లేచి వచ్చి నా పాదం మీద పడనీ.

ఇంత ప్రమాణం ఎందుకంటే, మా ఊళ్లో నా మాటకు విలువ లేదు. గార్లదిన్నెకు దగ్గర్లో ఒక పల్లె మాది. చెనిక్కాయల మండీలో, అంటే వేరుశనగ మార్కెట్లో, ముప్పై ఏళ్లుగా కాటా వేస్తున్నాను. రైతు తెచ్చిన బస్తాను కాటా మీదికి ఎక్కించి, అంకె చూసి, నలుగురికీ వినబడేలా చెప్పడం నా పని. అంకె చెప్పేటప్పుడు నా నోట అబద్ధం రాదు. అంకె చెప్పడం అయిపోయాక మాత్రం ఏమి వస్తుందో నాకే తెలియదు. మా పొలంలో బోరు తొమ్మిది వందల అడుగులు దిగాక నీళ్లకు బదులు కన్నడ పాటలు వినబడ్డాయనీ, భూమి లోపల్లోపలే సరిహద్దు దాటిపోయామనీ చెప్పింది నేనే. మబ్బు నీడ పడితే బస్తా పావుకేజీ ఎక్కువ తూగుతుందని చెప్పిందీ నేనే. ఒక ముసలి రైతు ఆ మాట నమ్మి, కాయలు దించనివ్వకుండా మబ్బు కోసం మండీ ముందు సాయంత్రం దాకా కూర్చున్నాడు. మబ్బు రాలేదు. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు చెప్పబోయేది మా బావ కుడికాలి సంగతి. ఆ కాలు ఉంటుందా పోతుందా అన్నది అరచేతిలో పట్టే ఒక చిన్న షుగరు మిషను చెప్పే అంకె మీద నడిచింది. ఆ అంకె తప్పని తెలుసుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

బావ అంటే మా అక్క మొగుడు. వాళ్లిల్లు మా ఇంటికి ఎదురుగానే. ఆరెకరాల ఎర్ర నేల, ఎండిపోయిన రెండు బోర్లు, వాన పడితే చెనిక్కాయ. వాన పడకపోతే గట్టు మీద నిలబడి ఆకాశాన్ని తిట్టడం. పదేళ్లుగా ఆయనకు షుగరు. మూడేళ్లుగా సూది మందు. నాకూ షుగరే గానీ నాది మాత్రలతో సరిపోయేది. ఈ విషయంలో బావకు నా మీద ఒక పెద్దరికం ఉండేది.

"నువ్వు ఇంకా చిన్న తరగతి రా బామ్మర్దీ. నేను సూదులదాకా వచ్చినా," అనేవాడు.

ఆ సూది మందును చల్లగా ఉంచాలి. వాళ్లింట్లో ఫ్రిజ్ ఉంది. ఉందనే చెప్పాలి. కరెంటు ఒకసారి ఎక్కువై, ఒకసారి తక్కువై అది ఎప్పుడో కాలిపోయింది. ఎలుకలు పోలేవని అందులో విత్తనం కాయలు దాచుకుంటారు. ఆ మాట చెబితే ఆసుపత్రిలో డాక్టరమ్మ, మట్టికుండలో నీళ్లు పోసి, మందు సీసాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను కుండలో ఉంచుకోమంది. మంచి మాటే. అక్క అలాగే చేసింది. వసారా మూలన తడి ఇసుక పోసి, దాని మీద కుండ పెట్టి, పైన తడి గోనె కప్పింది. మే నెలలో మా ఊళ్లో గుడిసె అయినా మిద్దె అయినా లోపల కూర్చుంటే పొయ్యిలో కూర్చున్నట్టే. ఆ కుండ దగ్గర మాత్రం చెయ్యి పెడితే ప్రాణం లేచి వచ్చేది.

ఆ వేసవిలోనే వాళ్లు షుగరు మిషను కొన్నారు. దాంతోపాటు స్ట్రిప్పుల డబ్బా వచ్చింది. వేలు గుచ్చి రక్తం బొట్టు ఈ స్ట్రిప్పుకు అంటిస్తే మిషను అంకె చూపిస్తుంది. డబ్బాలో సన్నటి అక్షరాల కాగితం ఒకటి మడిచి పెట్టి ఉంది. అక్కకు చదువు రాదు. అంగన్‌వాడీకి పోయే ఒక ఆమె చేత ఆ కాగితం చదివించుకుంది. ఆ ఎండలో, వాకిట్లో, ఆమె చదువుతుంటే అక్క చెవిలో పడింది ఒక్కటే ముక్క: చల్లని చోట ఉంచవలెను. ఆ ఇంట్లో చల్లని చోటు ఒక్కటే ఉంది. ఎవరినీ అడగకుండా, తనే ఆలోచించుకుని, మొగుడి మందు ఎక్కడుంటే మొగుడి స్ట్రిప్పులూ అక్కడే ఉండాలని, ఆ డబ్బాను తీసుకెళ్లి కుండ పక్కన తడి ఇసుకలో మెడదాకా పాతిపెట్టింది. తమలపాకుల్ని, కొత్తిమీరను మేము అలాగే కాపాడుకుంటాం. రోజూ పొద్దున తీసేది, మూత తెరిచేది, ఒక స్ట్రిప్పు తీసి మళ్లీ పాతిపెట్టేది.

నెల తిరిగేసరికి బావ షుగరు దిగింది. నూట అరవై. తర్వాత నూట యాభై. తర్వాత నూట నలభై. ఆయన ముఖం వెలిగిపోయింది. పొద్దున్నే పళ్లు తోముకోకముందే వీధి దాటి వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు.

"ఏమిరా, నీది ఎంత పలికింది?"

"రెండు వందల పది బావా."

"నాది నూట నలభై రెండు. ఊరికే వస్తాదా? నోరు కట్టుకోవల్ల."

ఆ నోరు ఏ మాత్రం కట్టుకున్నాడో మాకు తెలుసు. ఊరి జాతరనాడు బెల్లం ఓళిగలు నాలుగు తిన్నాడు. పెళ్లిళ్లలో పాయసం రెండోసారి వేయించుకున్నాడు. తిన్న మర్నాడు కూడా మిషను నూట నలభై అనేది. దాంతో ఆయనకే తన ఒంటి మీద గౌరవం పెరిగింది. "సంగటి తిన్న ఒళ్లు ఇది. ఓళిగ దీన్నేం చేస్తాది?" అనేవాడు. సూది మందు పదహారు యూనిట్ల నుంచి పన్నెండుకు, పన్నెండు నుంచి ఎనిమిదికి తనే తగ్గించుకున్నాడు. అంకె బాగుంటే మందు ఎందుకు? ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

జూన్‌లో ఒక మబ్బు కనబడితే విత్తనం వేద్దామని పొలం చూడ్డానికి పోయాడు. సర్కారు తుమ్మ ముల్లు చెప్పు అడుగును దాటి కుడి పాదంలో దిగింది. ఆయనకు తెలియలేదు. అరికాళ్లలో స్పర్శ పోయి అప్పటికే ఏడాది. రెండో రోజు అక్క చెప్పుల మీద రక్తం మరక చూసి కాలు పట్టుకుని తిప్పి చూసింది. ముల్లు మొదలు నల్లగా లోపల ఉంది. తీసింది, పసుపు పెట్టింది, గుడ్డ కట్టింది.

"ఆసుపత్రికి పోదాం పా," అంది.

"దానికి ఆసుపత్రి ఏందే? షుగరు నూట యాభై ఉన్నోనికి పుండు మానక యాడికి పోతాది?"

ఊళ్లో మందులిచ్చే డాక్టరు కూడా ముందు షుగరు ఎంతని అడిగాడు. నూట నలభై ఎనిమిది అని చెప్పారు. అయితే భయం లేదని పొడి చల్లి, మాత్రలిచ్చి పంపాడు. జూలై పోయింది. వాన రాలేదు, పుండు మానలేదు. గుడ్డ మాత్రం రోజూ మారేది. బావ దాన్ని ఎవరికీ చూపించేవాడు కాదు. పంచె కిందికి దించి కట్టుకునేవాడు.

ఆగస్టులో ఒక ఆదివారం హోటల్లో తగాదా మొదలైంది. హోటల్ అంటే నాలుగు బల్లలు, ఒక రేకు పందిరి. నడిపే ఆమెను అందరం హోటలక్క అంటాం. ఆమెకూ షుగరే. ఎదురుగా పదవీ విరమణ చేసిన అయ్యవారు కూర్చుని ఉన్నాడు. ఆయనకు షుగరు వచ్చి ఇరవై ఏళ్లు. రోజూ అంకె ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాడు.

"నా మిషను తప్పు చెప్పదు," అన్నాడు అయ్యవారు.

"అందరూ అదే అంటారు అయ్యవారూ. కాటా పెట్టుకున్న ప్రతివాడూ తన కాటా సరైందనే అంటాడు," అన్నాను.

"అయితే ఎట్ల తేలుస్తావప్పా?"

"తేల్చేదేముంది? కాటాను ఎట్ల పరీక్ష చేస్తాం? ఒకే బస్తా నాలుగు కాటాల మీదికి ఎక్కిస్తాం. యాడ తేడా వస్తే అది చెడిపోయిన కాటా."

"బస్తా సరే. రక్తం ఎవరిది ఎక్కిస్తావు?" అంది హోటలక్క, ఉగ్గాని గిన్నె దించుతూ. "ఈ ఊళ్లో నీళ్లే అడిగితే ఇయ్యరు. రక్తం ఎవరిస్తారు?"

బావ లేచాడు. కుంటుతూనే వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. "నాది తీసుకోండి. నా మిషను ముందర మీ మూడు మిషన్లూ సిగ్గుతో చావల్ల."

నాలుగు మిషన్లు బల్ల మీదికి వచ్చాయి. అయ్యవారిది, హోటలక్కది, నాది, అక్క కుండ దగ్గర్నుంచి తెచ్చిన బావది. ఎవరి స్ట్రిప్పు వారి మిషనుకే. అయ్యవారు గీతలు గీసి కాగితం సిద్ధం చేశాడు. నేను కాటా ముందు నిలబడినట్టే నిలబడ్డాను. పక్క బల్లల వాళ్లు టీ గ్లాసులతో చుట్టూ మూగారు.

మొదట అయ్యవారి మిషను. బావ వేలు గుచ్చాను, బొట్టు తీశాను, అంటించాను.

"నాలుగు వందల అరవై ఎనిమిది," అన్నాను గట్టిగా.

ఆ అంకె వస్తే మనిషి మంచం మీద ఉండాలి.

బావ పగలబడి నవ్వాడు. "అయ్యవారూ, నీ మిషను ఫ్యాక్టరీలోనే తాగినట్టుండాది!"

హోటలక్క మాత్రం నవ్వలేదు. బావ వేలు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఏమప్పా, ఇంతకు ముందు ఏం తిన్నావు?"

"ఏం తినలా."

"బెల్లం వాసన వస్తాంది."

వచ్చేటప్పుడు గూట్లోంచి బెల్లం ముక్క కొరికి నోట్లో వేసుకున్నానని ఒప్పుకున్నాడు. వేలికి బెల్లం అంటుకుంటే రక్తం బొట్టులో తీపి కలిసి అంకె ఎగురుతుంది. మా ఊళ్లో ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వస్తుంది. చెయ్యి కడుక్కోవడమంటే పంచెకు తుడుచుకోవడమే. హోటలక్క అర గ్లాసు నీళ్లు, సబ్బు ముక్క ఇచ్చింది. "ఈ నీళ్లు నీ ఖాతాలో," అని కూడా అంది. బావ వేళ్లు కడుక్కుని, ఆరబెట్టుకుని, మళ్లీ చాపాడు.

ఈసారి మొదటి బొట్టు తుడిచేసి రెండో బొట్టు తీసుకున్నాను. అయ్యవారి మిషను మూడు వందల పదకొండు. హోటలక్కది మూడు వందల ఇరవై తొమ్మిది. నాది రెండు వందల తొంభై ఎనిమిది. బావది నూట నలభై ఆరు.

అంకెలు చెబుతూ చెబుతూ నా గొంతు తగ్గిపోయింది. ముప్పై ఏళ్లలో మండీలో నా గొంతు అలా తగ్గలేదు.

"మూడు కూడబలుక్కుని వచ్చినట్టుండాయే," అన్నాడు బావ. అప్పటికీ నవ్వుతున్నాడు గానీ నవ్వు పెదాలు దాటి పోవడం లేదు. "మూడూ చెడిపోయినాయి."

అయ్యవారు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "కావచ్చు. మూడూ చెడిపోయి ఉండొచ్చు," అన్నాడు. పిల్లలకు మార్కులు తక్కువ వచ్చినప్పుడు అలాగే అనేవాడని నాకు గుర్తుంది. అక్కడున్న ప్రతివాళ్లమూ ఆ ఒక్క మిషనే నిజం కావాలని కోరుకున్నాం. మిగతా మూడిట్లో నాదీ ఉంది. నా మిషను అబద్ధాలకోరని తేలితే ఆ రోజు నేను అందరికీ టీ పోయించేవాణ్ణి.

"ఇంకోసారి చూడు," అంది అక్క. ఆమె పందిరి గుంజను పట్టుకుని నిలబడి ఉంది. చూశాను. నూట నలభై ఒకటి.

మరుసటి పొద్దున ముగ్గురం బస్సెక్కి అనంతపురం పోయాం. దారి పొడవునా బావ కిటికీ పక్కన కూర్చుని, విత్తనం పడని చేలు చూస్తూ, ఎవరి చేను ఎవరిదో చెబుతూ వచ్చాడు. ఆ రోజు నేను ఒక్క కోత కూడా కొయ్యలేదు. రాప్తాడు అవతల ఎవరో కొండను అమ్మేశారని చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

రక్త పరీక్షలు చేసే ఒక చిన్న గది. అక్కడ పనిచేసే ఆయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మా కథంతా విని నవ్వలేదు. అది మాకు మంచిదనిపించింది. బావ చేతి నరంలోంచి రక్తం తీసి లోపల పెద్ద మిషనుకు పంపాడు. ఆ లోపల వేలు గుచ్చి మా మిషనుతోనే చూశాడు. నూట యాభై రెండు. తర్వాత అదే మిషనుకు సరిపోయే కొత్త డబ్బా ఒకటి తన అరలోంచి తీసి, సీలు చింపి, కొత్త స్ట్రిప్పు పెట్టి, అదే వేలి నుంచి ఇంకో బొట్టు తీసుకున్నాడు. మూడు వందల ముప్పై ఒకటి. కాసేపటికి లోపల్నుంచి కాగితం వచ్చింది. మూడు వందల నలభై.

"ఇంట్లో వాడే మిషనుకు నూటికి పదిహేను అటూ ఇటూ తేడా ఉండొచ్చు పెద్దాయనా. దాన్ని తప్పనరు," అన్నాడు. "మీది సగానికి సగం తక్కువ చూపిస్తాంది. మిషను మంచిదే. స్ట్రిప్పులు చెడిపోయినాయి."

మా డబ్బా మూత తెరిచి వాసన చూశాడు. లోపల గోడకు సన్నటి తేమ కనబడింది. మూతకు తడి పీల్చే మందు ఉంటుందట. అది ముద్దగా అయిపోయింది.

"యాడ పెట్టినారు దీన్ని?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కుండ పక్కన సార్. తడి ఇసుకలో. సల్లగా ఉంటాదని నేనే పెట్టినా."

"చల్లగానే ఉండాలమ్మా. తడి తగలకూడదు. ఆ స్ట్రిప్పు మీద మందు పూత ఉంటుంది. తడికి అది చచ్చిపోతాది. చచ్చినాక రక్తంలో ఎంత తీపి ఉన్నా దానికి సగమే తెలుస్తాది."

బావ కొత్త స్ట్రిప్పు చూపించిన అంకెను చూస్తూ కూర్చున్నాడు. కొంతసేపటికి తెర ఆరిపోయింది. అయినా చూస్తూనే ఉన్నాడు. పరీక్షలాయన మాత్రం ముక్కు ఎగబీల్చి, బల్ల కిందికి వంగాడు.

"కాలికేమైంది?"

"ముల్లు గుచ్చుకున్నింది. అదే మానతాది."

"గుడ్డ విప్పండి."

విప్పారు. నేను రాయను. బెల్లం వాసన కూడా పట్టే మనుషులం, రెండు నెలలుగా పక్కన కూర్చున్న మనిషి కాలి వాసన పట్టలేకపోయామంటే, అంకె మీద మాకు ఎంత నమ్మకమో తెలుస్తుంది. నూట నలభై ఆరు అని మిషను చెప్పాక ముక్కుకు పని ఏముంది?

ఆ మధ్యాహ్నమే పెద్దాసుపత్రిలో చేర్చాం. ముందు రెండు కాలివేళ్లు తీశారు. తీసినచోట నల్లబడితే సగం పాదం తీశారు. మూడోసారి డాక్టరు నన్ను బయటికి పిలిచి, మోకాలి కింద చేత్తో ఒక గీత గీసి చూపించాడు. లోపలికి వెళ్లి బావకు ఎలా చెప్పాలో తెలియక మంచం పక్కన నిలబడ్డాను.

"ఎంతదాకా అంట?" అని ఆయనే అడిగాడు.

చూపించాను.

"జూన్‌లో వచ్చింటే?"

"ముల్లు తీసి పంపించేవాళ్లంట."

ఆయన గోడవైపు తిరిగాడు. అటు తిరిగే, "రేయ్, ఏదన్నా చెప్పురా," అన్నాడు. "ఆ బోరులో పాటలు చెప్పు." చెప్పాను. కన్నడ పాటలు వచ్చిన బోరు సంగతి, కొత్తగా రెండు అబద్ధాలు కలిపి, మొదట్నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన నవ్వలేదు. మధ్యలో ఆపితే మాత్రం "ఊ" అనేవాడు.

కాలు పోయాక ఇంటికి తెచ్చాం. వసారాలో మంచం వేశారు. చూడ్డానికి వచ్చినవాళ్లకు ఏం జరిగిందో చెప్పాలి కదా. బావ ఒకే రకంగా చెప్పేవాడు.

"ఏం లేదప్పా. మా ఇంటామె స్ట్రిప్పులు ఇసుకలో నాటింది. మొలకలొస్తాయనుకున్నింది పాపం. కాలు పోయింది."

వచ్చినవాళ్లు నవ్వాలో ఏడ్వాలో తెలియక అక్కవైపు చూసేవాళ్లు. అక్క టీ తెచ్చి ఇచ్చేది. మొదటి నెల ఆ మాట నేను ఇరవై సార్లు విన్నాను. మా దూరపు చుట్టం ఒకామె ఇంకా ముందుకు పోయి, "సదువు లేని ఆడదాని చేతిలో మొగుడి మందు పెడితే ఇట్లే ఐతాది," అంది, అక్క వినేలాగే. అక్క ఖాళీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ కుండలో నీళ్లు ఆమె తాగడం మానేసింది. సూది మందు డబ్బా కోసం దాన్ని ఉంచక తప్పదు. రోజూ నీళ్లు మారుస్తుంది, గోనె తడుపుతుంది. దప్పికైతే మా ఇంటికి వచ్చి తాగుతుంది. బావ నిజంగా కోపంతో అనేవాడు కాదని నాకు తెలుసు. ఆయనకు చెప్పుకోవడానికి అదొక్కటే మిగిలింది. చెప్పే కొద్దీ బాగా కుదిరింది. నాకు కథలు ఎలా కుదురుతాయో అలాగే.

ఇప్పుడు నెలకొక ఆదివారం నేను హోటల్ పందిరి కింద ఊళ్లో షుగరు మిషన్లన్నీ పరీక్ష చేస్తాను. ఆ పరీక్షలాయన దగ్గర ఒక చిన్న సీసా వాడకం నేర్చుకున్నాను. అందులో తీపి ఎంత ఉందో ముందే తెలిసిన నీళ్లుంటాయి. ఒక్క బొట్టు స్ట్రిప్పుకు అంటిస్తే అంకె ఎంత నుంచి ఎంత లోపల రావాలో డబ్బా మీద రాసి ఉంటుంది. రాకపోతే ఆ డబ్బా పారేయాలి. కాటాకు తూకం రాయి ఎలాగో దానికి అది అలాగ. ఇంత తేలిక పరీక్ష ఒకటి ఉందని ముందే తెలిసుంటే ఎవరి వేలూ అక్కర్లేకపోయేది. మొన్న పదకొండు డబ్బాలు చూస్తే నాలుగు పారేయించాను. ఒకటి ఎండ తగిలే కిటికీలో పెట్టినది, రెండు మూత వదులైనవి, ఒకటి గడువు దాటినది. "నీ మాట నమ్మి పారేయాల్నా?" అని ఒకాయన కొట్లాటకు వచ్చాడు. నన్ను నమ్మవద్దు, అంకె చూసుకోమన్నాను.

బావ చూపు ఇప్పుడు బాగా తగ్గింది. అది కూడా షుగరే. పేపరు నేనే చదివి వినిపిస్తాను. నేను ఇది రాస్తున్నానని తెలిసి, ఎంతవరకు వచ్చిందో చదవమని రోజూ సాయంత్రం పిలుస్తాడు. ఇంతవరకు రాసిందంతా చదివి వినిపించాను. బెల్లం వాసన దగ్గర నవ్వాడు. ఆసుపత్రి దగ్గర దుప్పటి మోకాలి మీదికి లాక్కున్నాడు. అక్క గడపలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ వింది.

ఇప్పుడు ఇందులో నేను కల్పించిన ముక్క చెప్పాలి. కన్నడ పాటల బోరు అనుకునేరు. అది అబద్ధమని మీకు ముందే చెప్పాను. నాలుగు మిషన్ల అంకెలు కూడా కావు. అవి అయ్యవారి కాగితంలో ఉన్నాయి.

అంగన్‌వాడీకి పోయే ఆమె ఎవరూ కాగితం చదవలేదు. అలాంటి మనిషి ఈ కథలో లేదు. ఆ మధ్యాహ్నం అక్క ఆ కాగితం పట్టుకుని ఎండలో వీధి దాటి వచ్చింది నా దగ్గరికి. "ఒరే, ఇవి యాడ పెట్టల్లో ఇందులో రాసినారంట, చూడు," అంది. కళ్లద్దాలు మండీలో మరిచిపోయి వచ్చాను. తెలియదు, రేపు చూసి చెప్తానంటే అయిపోయేది. అరుగు మీద ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు తెలియదనడం నాకు చేతకాలేదు. "దీనికి కాగితమెందుకక్కా?" అన్నాను. "బళ్లారి పెద్దాసుపత్రిలో నేను కళ్లారా చూసినా. ఇట్లాంటివి వేలకు వేలు తడి ఇసుకలో పాతిపెట్టి ఉంటారు, తమలపాకుల మాదిరి. పెద్ద డాక్టరే రోజూ పొద్దున నీళ్లు చల్లుతాడు." అరుగు మీద వాళ్లు నవ్వారు. నేను నవ్విస్తున్నానని వాళ్లకు తెలుసు. అక్క నవ్వలేదు. తలూపి వెళ్లిపోయింది. ఆమె దాన్ని చెప్పినది చెప్పినట్టు చేస్తుందని నాకు తట్టలేదు. ఆ సాయంత్రం వాళ్లింటికి పోయినప్పుడు డబ్బా ఇసుకలో కనబడింది. అప్పుడు తట్టింది. తీసేయమనాలంటే అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. అందుకని ఏమీ అనకుండా మజ్జిగ తాగి వచ్చాను. నేను బళ్లారి ఎప్పుడూ పోలేదు.

పరీక్షలాయన "యాడ పెట్టినారు" అని అడిగినప్పుడు అక్క ముందు నావైపు చూసింది. నేను నేల చూశాను. ఆ తర్వాతే ఆమె "నేనే పెట్టినా" అంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా బావ ముందు గానీ, చుట్టాల ముందు గానీ, నా ఒక్కడి ముందు గానీ ఆ మాట మార్చలేదు.

నిన్న సాయంత్రం చదవడం ఆపి కాగితాలు మడుస్తుంటే బావ మంచం మీద కాస్త పైకి జరిగాడు.

"ఐపోయిందా?"

గడపలో అక్క చేతిలో కాయ ఒలవడం ఆగింది.

"ఇంకొక పేజీ ఉండాది బావా," అన్నాను. "రేపు చదువుతా."